మాస్టారు ఓడిపోయే ఆట

లెక్కల మాస్టారి ఇంట్లో ముందుగదిని చూసి జడుసుకోవాల్సిన పని ఎవరికీ లేదు. ఒక మంచం, ఒక ఇనప బీరువా, వీధి వైపు కిటికీ, కిటికీ పక్కన బల్ల. బల్ల మీద పాత టీవీ, దాని ముందు కంప్యూటరు. కంప్యూటరంటే ఇప్పటిది కాదు. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే అడుగుపెడుతున్న రోజుల్లో మాస్టారు ముచ్చటపడి తెచ్చుకున్నది. కీబోర్డు తప్ప దానికి వేరే ఒళ్ళు లేదు. టీవీకి ఒక వైరు, టేప్ రికార్డరుకి ఒక వైరు. పాటల క్యాసెట్ లాంటి క్యాసెట్లోనే ప్రోగ్రాం ఉంటుంది. మీట నొక్కితే కీచుమని, గరగరమని, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. ఆ అరుపంతా అయ్యాక తెర మీదికి ఆట వస్తుంది.

ఆ ఆట మాస్టారు సొంతంగా రాసింది. పుల్లల ఆట. తెర మీద నాలుగు వరసల్లో పుల్లలుంటాయి. పైన ఒకటి, దాని కింద మూడు, ఆ కింద ఐదు, అడుగున ఏడు. మన వంతు వచ్చినప్పుడు ఏదో ఒక్క వరసలోంచి ఎన్ని కావాలంటే అన్ని తీసెయ్యొచ్చు. తర్వాత కంప్యూటరు తీస్తుంది. ఆఖరి పుల్ల ఎవరికి మిగిలితే వాళ్ళు ఓడినట్టు. చూడ్డానికి చిన్నపిల్లల ఆటే. కానీ దాని వెనక గట్టి లెక్క ఉంది. ఆ లెక్క తెలిసినవాడు రెండో ఎత్తు ఆడేటట్టయితే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వాణ్ణి ఓడించలేడు.

మాస్టారి కంప్యూటరు ఎప్పుడూ రెండో ఎత్తే ఆడేది. అయినా మాస్టారి కూతురి చేతిలో ఎప్పుడూ ఓడిపోయేది.

ఆ కూతుర్ని ఇంట్లో చిట్టి అంటారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా చిట్టే. కంప్యూటర్ని ఓడించిన సంగతి ఆమె చెప్పని రోజు లేదు. "మా ఆయన కంప్యూటర్లకి పాఠాలు చెబుతారు కానీ, నేను ఆరేళ్ళప్పుడే దాన్ని మట్టి కరిపించాను" అనేది, ఇంటికెవరొచ్చినా. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ 'మా ఆయన' కూడా నవ్వేవాడు. పళ్ళు కనిపించేవి, అంతే.

ఆయన ఆ ఇంటి అల్లుడు. ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. చెడ్డవాడని ఎవరూ అనరు. మామగారు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ కొడుకు లేని లోటు తెలియకుండా తిరిగాడు. కానీ అతనికి ఒక్క దురద ఉంది. తనకంటే తెలివైనవాళ్ళు పక్కనుంటే ముద్ద దిగదు. ఆ తెలివి పెళ్ళానిదైతే మరీనూ.

మాస్టారు పోయాక అత్తగారికి తోడుగా భార్యాభర్తలిద్దరూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. చిట్టి రోజూ ఆ కంప్యూటర్ని తుడిచేది, మళ్ళీ గుడ్డ కప్పేది. ఆడేది మాత్రం కాదు. "ఇంకా ధైర్యం చాలట్లేదండీ" అనేది.

ఒక మధ్యాహ్నం ఆమె తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అల్లుడొక్కడే ఇంట్లో. కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా అని అడిగేవాళ్ళు లేకపోయారు. గుడ్డ తీశాడు. క్యాసెట్ పెట్టి ఆట ఎక్కించాడు. ఆడలేదు. ఆట వెనకున్న ప్రోగ్రాం తెర మీదికి తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాడు.

మాస్టారి ప్రోగ్రాం ఆయన బోర్డు మీద లెక్క చేసినట్టే ఉంది, కొట్టివేతలు లేకుండా. లెక్కంతా సరిగ్గానే ఉంది. మరి ఓడడం ఎలా కుదురుతోంది? కిందికి చూసుకుంటూ పోయాడు. అక్కడ దొరికింది, ఒకే ఒక్క లైను. పుల్లలు కొద్దిగా మిగిలాక, గెలిచే ఎత్తు తెలిసి కూడా దాన్ని వదిలేసి ఓడే ఎత్తు వెయ్యమని.

"దొరికారు మామగారూ!" అని పైకే నవ్వాడు అల్లుడు.

ఆ లైను తీసేశాడు. ఇప్పుడిక ఆ ఆటకి ఓడడం రాదు. దాన్ని అదే క్యాసెట్లోకి ఎక్కిస్తేగానీ తమాషా పండదు. ఎక్కించబోతే రికార్డు మీట దిగలేదు. క్యాసెట్ వీపున చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది కదా, అది విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఇంకెవరూ రికార్డు చెయ్యలేరు. మాస్టారు దాన్ని ఎప్పుడో విరిచేశారు. తన కూతురి ఆట ఎవరి చేతుల్లోనూ చెరిగిపోకూడదని. అల్లుడికి ఆ మాత్రం కిటుకు తెలీదా? ఆ కన్నం మీద ప్లాస్టరు ముక్క అంటించాడు. మీట దిగింది. పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కింది. పోయింది ఒక్క లైనే కదా, సరదా తీరాక మళ్ళీ టైపు చేస్తే సరిపోతుంది, రెండు నిమిషాల పని అనుకున్నాడు.

అతని ఉద్దేశం ఏమిటో దాచడం ఎందుకు? చిట్టి ఓడిపోవాలి. అప్పుడు తను కాలు మీద కాలేసుకుని, "నువ్వెప్పుడూ గెలవలేదే పిచ్చిమొహమా, మీ నాన్న ఓడిపోయేవాడు" అనాలి. దానికోసం, పోయిన మనిషి చేత్తో చేసినదాన్ని చెరిపాడు.

సాయంత్రం అతనే బతిమాలాడు. "ఇవాళ ఒక్క ఆట ఆడరాదూ?"

"ఆడమంటారా?"

"నేనున్నాగా పక్కన."

చిట్టి కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. టేపు అరిచి అరిచి ఊరుకుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కనిపించాయి, మాస్టారు రాసినవి. 'ఆడదామా చిట్టీ?'

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అడుగు వరసలోంచి రెండు పుల్లలు తీసింది. 'ఆలోచిస్తున్నాను…' అని వచ్చింది తెర మీద. నిజానికి కంప్యూటరుకి ఆలోచించే పని లేదు. కూతురికి ఎదురుగా ఒక మనిషి కూర్చున్నట్టు ఉండాలని మాస్టారు పెట్టిన మాట అది. రెప్పపాటు ఉండి పోతుంది. ఆపైన కంప్యూటరు పుల్లలు తీసింది. చిట్టి తీసింది. అది తీసింది. ఆఖరి పుల్ల చిట్టికి మిగిలింది.

ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ ఆడింది. మళ్ళీ ఓడింది. ఇంకోసారి ఆడింది. ఆ ఆటా పోయింది. అల్లుడు గొంతు సవరించుకున్నాడు. అనాల్సిన మాట నాలుక మీదే ఉంది.

"ఏవండీ, నాన్న నాతో కావాలనే ఓడిపోయేవాడు. మీకెప్పుడూ చెప్పలేదు కదూ?" అంది చిట్టి.

అల్లుడికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "నీకు… తెలుసా?"

"తెలీకపోవడమేంటి? రెండో తరగతిలోనే అగ్గిపుల్లలు పేర్చుకుని లెక్కంతా తేల్చేశాను. కానీ నాన్నకి చెప్పలేదు. చెబితే ఆయన మొహం చిన్నబోదూ? ఆయన ఓడిపోయేవాడు, నేను గంతులేసేదాన్ని. అదే మా ఆట. ఊరందరికీ గొప్పలు చెప్పుకునేదాన్ని కూడా ఆయన వినాలనే." తెర వైపు చూపించింది. "ఇవాళ గెలుస్తున్నాడు. ఒక్కటి కూడా నాకివ్వలేదు."

"అంటే?"

"కోపం. ఆ రోజు ఆస్పత్రిలో మీరు రెండు ముద్దలు తినొద్దాం రమ్మంటే క్యాంటీనుకి వచ్చాను కదా. ఆ కాసేపట్లోనే పోయాడు. పక్కన నేను లేను. ఎదురుచూసి ఉంటాడు. ఆ కోపం ఆయనకింకా పోలేదండీ."

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. ఒక్క మాట చాలు. 'నేనే మార్చాను' అంటే అయిపోయేది. ఆమె ఏడ్చేది, తిట్టేది, నాలుగు రోజులు మాట్లాడేది కాదు. ఆపైన మామూలే. కానీ మార్చానని చెబితే ఎందుకు మార్చావంటుంది. దానికి జవాబు చెప్పాలి. నీ మొహం మాడిపోతే చూడాలని మార్చానని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

"అదేం కాదు చిట్టీ. పాత మెషీను కదా… ఏదో…" అని నసిగాడు. తర్వాత తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి చిట్టి రోజూ దీపాలు పెట్టే వేళకి ఆ బల్ల ముందు కూర్చునేది. రోజూ ఓడేది. ఒక్కోసారి కంప్యూటరు వైపు వంగి, "నాన్నా, తప్పయింది నాన్నా" అని గొణిగేది. అన్నం దగ్గర కెలికి లేచిపోయేది.

"అల్లుడుగారూ, దాన్ని కాస్త లేపండి బాబూ. మీ మాటైతే వింటుంది" అంది అత్తగారు, తలుపు చాటు నుంచి. ఆవిడ కళ్ళల్లో ఉన్న నమ్మకం చూసి అల్లుడు తల దించుకున్నాడు.

ఇంకొకటి కూడా అతను గమనించాడు. 'ఆలోచిస్తున్నాను' అన్న మాట మొదట్లో రెప్పపాటులో పోయేది. రానురాను నిలబడుతోంది. ఒక తువ్వాలు మడత పెట్టేంత సేపు. ఒక గ్లాసు మంచినీళ్ళు తాగేంత సేపు. వెయ్యాల్సిన ఎత్తు వెయ్యడం ఇష్టంలేక ఎవరో చేతులు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉండేది. తర్వాత మాత్రం గెలిచే ఎత్తే పడేది. ఒకనాటికి అది మళ్ళీ రెప్పపాటులోకి వచ్చేసింది. ఇష్టంలేని వాళ్ళెవరో లేచిపోయారని అల్లుడికి ఆ రోజు తోచలేదు. పోనీలే, వైరు సర్దుకుందనుకున్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడుక్కునే రోజు వచ్చింది. అత్తగారి కళ్ళజోడు తేవడానికి తల్లీకూతుళ్ళు బజారుకి వెళ్ళారు. ఇంకా సాయంత్రం కాలేదు కానీ ముసురు పట్టి గదంతా చీకటిగా ఉంది. అల్లుడు కిటికీ మూసి, టీవీ పెట్టి, ఆట ఎక్కించాడు. మామగారి లైను అతనికి అక్షరం అక్షరం గుర్తుంది. టైపు చేశాడు. సరిచూసుకున్నాడు. ఆడాడు.

ఓడాడు.

ప్రోగ్రాం మళ్ళీ తెర మీదికి తెచ్చాడు. టైపు చేసిన లైను లేదు.

చెయ్యి తగిలి పోయిందేమో అనుకుని మళ్ళీ టైపు చేశాడు. ఉందని కళ్ళారా చూశాడు, వేలు పెట్టి మరీ చూశాడు. ఆడాడు. ఓడాడు. వెతికితే లైను లేదు. బయట వాన చూరు మీద నుంచి కిందికి చప్పుడు చేస్తూ కారుతోంది. ఈసారి కంప్యూటరు ఎత్తు వేసే భాగం మొత్తం పీకేశాడు. ఇక దానికి చేతులే లేవు. మనం ఆడాక అది ఆగిపోవాలి, అంతే.

ఆట మొదలుపెట్టాడు. మూడు పుల్లలున్న వరసలోంచి ఒకటి తీశాడు.

'ఆలోచిస్తున్నాను…'

ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాడు. వెనక్కి వాలాడు.

అప్పుడు వాసన తగిలింది.

మాస్టారు ఎక్కడ కూర్చున్నా సుద్దముక్క వాసన, లవంగం వాసన వచ్చేవి. ఇది అది కాదు. తడిబట్టలు ట్రంకుపెట్టెలో పెట్టి మరిచిపోతే వచ్చే ముక్కిపోయిన వాసన. కిటికీ వైపు నుంచి కాదు. మంచం వైపు నుంచి…

తెర మీద అడుగు వరసలో ఒక పుల్ల కదిలింది.

మాస్టారి ప్రోగ్రాంలో పుల్లలు కదలవు. ఉంటాయి, లేదా మాయమవుతాయి. ఇది కదిలింది. పక్కకి జరిగింది. మెల్లగా… చివరిదాకా జరిగి పోయింది. తర్వాత ఇంకొకటి. ఎవరో గోళ్ళతో గీరి లాగుతున్నట్టు…

వెనకాల మంచం కిర్రుమంది.

అల్లుడు తిరగలేదు. మెడ తిరగలేదు. "మామగారూ…" అన్నాడు. "తప్పయింది… మీ ఆట చెరిపాను… మళ్ళీ పెట్టేస్తాను… చిట్టిని మాత్రం…"

తెర మీది మాట చెరిగిపోయింది. ఒక్కొక్క అక్షరం వచ్చింది.

'ఆయన వెళ్ళిపోయారు.'

ఆ కింద, కాసేపటికి…

'ఆడదామా?'

చిట్టి పేరు లేదు. ఎవరి పేరూ లేదు.

అల్లుడు వైరు పట్టుకుని లాగాడు. ప్లగ్గు ఊడొచ్చి మోకాలికి తగిలింది. తెర నల్లబడింది. మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి మాత్రం ఒకచోట నొక్కుకుపోయి ఉంది. చూస్తుండగానే ఆ గుంట మెల్లగా పైకి లేచి సాపయింది.

ఆ రోజు చెప్పేద్దామనే నిర్ణయించుకున్నాడు. ఎందుకు మార్చాడో కూడా చెప్పేద్దామనుకున్నాడు. వీధి తలుపు చప్పుడైంది. చిట్టి తడిసిన చెప్పులు వాకిట్లో విడిచి నేరుగా ముందుగదిలోకి వచ్చింది.

"చిట్టీ, నీతో ఒక మాట…"

"ఒక్క నిమిషం ఉండండి. దారంతా ఆలోచించాను. ఇవాళ ఆఖరుసారి ఆడతాను. ఇవాళ కూడా ఓడితే ఇక దీని జోలికి రాను. నాన్న కోపం నాన్నదేనని ఊరుకుంటాను."

అల్లుడు నోరు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో అతనికి తెలుసు. క్యాసెట్లో ఉన్నది తను ఎక్కించినదే. దానికి ఓడడం రాదు. ఇవాళ ఓడుతుంది, రేపు గుడ్డ కప్పేస్తుంది. తను చేసింది ఎవరికీ తెలియదు. ఆ గదిలో ఏముందో ఇప్పుడే చూసి కూడా, భార్యని దాని ముందు కూర్చోనిచ్చాడు. వైరు కూడా అతనే తగిలించి ఇచ్చాడు.

టేపు అరిచింది. 'ఆడదామా చిట్టీ?' అంది తెర. పేరు మళ్ళీ వచ్చింది.

చిట్టి తీసింది. అది తీసింది. చిట్టి తీసింది. అల్లుడు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటున్నాడు. పుల్లలు పల్చబడ్డాయి. 'ఆలోచిస్తున్నాను…' అని మెరిసి పోయింది. ఎత్తు పడింది.

తప్పు ఎత్తు.

చిట్టి గభాలున ఒక్కటి తప్ప మిగతావి తీసేసింది. ఆఖరి పుల్ల కంప్యూటరుకి మిగిలింది.

"నాన్నా!" అని అరిచింది. అత్తగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "కరిగాడమ్మా! నాన్న కరిగాడు! నన్ను గెలిపించాడు!" తల్లిని పట్టుకుని చిన్నపిల్లలా ఎగిరింది. ఏడ్చింది. మాస్టారు పోయాక ఆమె మొహంలో అంత నిండైన నవ్వు చూడడం అదే మొదలు.

అల్లుడు మాత్రం బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆ క్యాసెట్లో ఓడమని చెప్పే లైను లేదు. ఓడడం ఎవరూ నేర్పని ఆట ఓడింది. ఆమెకి ఏం కావాలో ఇన్ని రోజులూ వింటూ కూర్చుని, దాన్నే ఇచ్చింది. 'చిట్టీ, అది మీ నాన్న కాదు' అనాలి. అనాలంటే, ఎలా తెలుసంటుంది. తెలియడానికి మొదట్నుంచీ చెప్పాలి. నోరు తెరిచాడు.

"ఏంటండీ? ఇందాక ఏదో చెప్పబోయారు?"

"ఏం లేదు" అన్నాడు.

ఇప్పుడు చిట్టి రోజూ ఆడుతుంది. ముందుగది తలుపు దగ్గరగా వేసుకుంటుంది. రోజూ గెలుస్తుంది. లోపలి నుంచి నవ్వు వినిపిస్తుంది. "పోనీలెండి బాబూ, నవ్వుతోంది కదా. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయింది" అంటుంది అత్తగారు. అల్లుడు తలుపు దాకా వెళతాడు. తట్టడానికి చెయ్యెత్తుతాడు. సిగ్గు ముంచుకొచ్చి, దించుకుని వచ్చేస్తాడు. రేపు చెబుదాం అనుకుంటాడు.

నిన్న చిట్టి ఎప్పుడూ వెళ్ళినట్టే జుట్టు ముడేసుకుని లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చేటప్పటికి ముడి లేదు. రెండు జడలున్నాయి. మొదటిసారి బడికి పంపే పిల్లకి వేసినట్టు, చెవుల పక్కన రెండు జడలు. ఎంత బిగించి ఉన్నాయంటే, కనుబొమలు పైకి లాక్కుపోయి ఆమె మొహం ఇంకెవరి మొహంలాగో ఉంది.

"ఎవరు… వేశారు ఆ జడలు?" అన్నాడు గుసగుసగా.

చిట్టి తల తడుముకుంది. రెండు చేతులూ జడల మీద నుంచి జారాయి. వింతగా చూసి నవ్వింది.

"ఏం జడలండీ?" అంది. "ఆకలేస్తోంది, అన్నం పెట్టమనండి అమ్మని."

వెళ్ళి పీట మీద కూర్చుంది. జడల కొసల నుంచి నీళ్ళు కారి, నేల మీద టప్‌టప్‌మని పడుతున్నాయి. అత్తగారు కంచాలు తీసుకుని వచ్చే అలికిడి వినిపించింది. అల్లుడు గబగబా వంగి, ఆవిడ చూడకముందే, చేతిరుమాలుతో ఆ నీళ్ళు తుడిచేశాడు.